బావమరిది చేతి తాడు

చెట్టు లోపల ఏదో తెగింది. నేను రంపం వేసిన చోట కాదు. కింద, నా పాదాలకు కింద ఎక్కడో, మొద్దు కడుపులో. పెద్ద చప్పుడు కాదు, ఎండిన చింతకాయ పెంకు వేళ్ల మధ్య నలిగితే వచ్చేంత. చెయ్యి దానంతటదే ఆగిపోయింది. రంపం సగం చెక్కలోకి దిగి అక్కడే ఉండిపోయింది. ఊపిరి బిగబట్టి విన్నాను. మళ్లీ రాలేదు. రాలేదని సంతోషించడానికి నేను కొత్తవాణ్ని కాదు. పచ్చి చెట్టు విరిగేముందు మూలుగుతుంది, పీచులు ఒక్కొక్కటీ తెగుతూ మనిషికి కాస్త వ్యవధి ఇస్తాయి. చచ్చిన చెట్టు ఒక్కసారే చెప్తుంది. రెండోసారి చెప్పే వేళకు వినేవాడు ఉండడు. ఇది పోయిన వానల్లో పిడుగు పడి చచ్చిన సిల్వర్ ఓక్. కాఫీ తోటకు నీడ కోసం ఎప్పుడో నాటింది, మావాళ్ల నోట్లో సిలవరు. పిడుగు గీత బెరడు మీద పడితే కంటికి కనపడుతుంది, లోపల పడితే కనపడదు. పొద్దున చుట్టూ తిరిగి చూశాను, గొడ్డలి వెనకవైపుతో కొట్టి విన్నాను. ఎండిపోయిన మిరియాల తీగ మొద్దుకు అట్టకట్టి ఉంది. చీలిక దాని కింద దాక్కుని, నన్ను పైదాకా రానిచ్చి, ఇప్పుడు నోరు విప్పింది.

కదలకూడదు. దిగనూకూడదు. ఎక్కి వచ్చిన వెదురు గడ సరిగ్గా ఆ చీలిక వైపే కట్టి ఉంది. కణుపు మీద కాలు పెట్టి దిగుతూ పోతే ఒక్కో అడుగూ ఆ చీలికలో మేకు దిగగొట్టినట్టే. తల మీద సగం తెగిన చెట్టు కొస గాలి ఎటు చెప్తే అటు వాలడానికి సిద్ధంగా ఉంది. అది వాలితే మొద్దు నిలువునా విచ్చుకుంటుంది. విచ్చుకుంటే, మొద్దును చుట్టి నన్ను దానికి కట్టిపెట్టిన నడుం తాడు బిగుస్తుంది, గానుగలో చెరుకుగడకు ఏమవుతుందో నా నడుముకూ అదే అవుతుంది. ఇక మిగిలింది రెండో తాడు, ప్రాణం తాడు. అది నా చంకల కింద నుంచి బయల్దేరి, పక్కనున్న పనస చెట్టు పైపంగ లోంచి వెళ్లి, కిందికి, మంచులోకి దిగిపోతుంది. సచ్చిన సెట్టుని నమ్మి పేణం కట్టకు, పక్కన బతికున్నదాన్ని అడుగు అనేవాడు మా నాయన. పనస బతికే ఉంది. నడుం తాడు విప్పేసి ఖాళీలోకి ఒక్క అడుగు వేస్తే, ఊగుతూ వెళ్లి దాని మొద్దును వాటేసుకోవచ్చు. కింద తాడు పట్టినవాడు వదలకుండా ఉంటే. కింద తాడు పట్టినవాడు గాసి. నా పెళ్లాం తమ్ముడు.

తాడు బావమరిది చేతిలోనే ఉండాలి. మా కొండల్లో చెట్టెక్కేవాళ్ల కట్టుబాటు ఇది. అన్నదమ్ముడికి గట్టు దగ్గర పేచీ ఉండొచ్చు, సావాసగాడికి మనసులో ఏముందో చెప్పలేం. బావమరిదికి మాత్రం ఒకటే ఆలోచన: వీడు పడితే నా అక్క బొట్టు పోతుంది. ఆ ఒక్క ఆలోచన పది మంది బలం. ఇంకో కట్టుబాటు కూడా ఉంది. నిలువునా ఎండిన చెట్టు మీద మనిషి ఉండగా పైవాడు కిందివాణ్ని గానీ, కిందివాడు పైవాణ్ని గానీ పేరు పెట్టి పిలవకూడదు. చచ్చిన చెట్టులో కాపురం ఉండేది పేరు నేర్చుకుంటుందట, నేర్చుకుంటే తర్వాత అదే పిలుస్తుందట. అందుకని బావా అంటే బావా. ఆ వరసే పిలుపు, ఆ వరసే తాడు. పెళ్లాం పుట్టింటికి పోయి, అక్కడ ఇంకొకడు ఆమెను అడుగుతుంటే ఆ తాడు ఏమవుతుందో మా నాయన చెప్పలేదు. ఆయనకు ఆ అవసరం రాలేదు.

అడుగుతున్నవాడిది కొయ్యూరు వైపు. జీపు నడుపుతాడట. నేల మీద తిరిగే పని. మాలో ఆడమనిషి వెళ్లిపోవచ్చు, ఇంకొకణ్ని కట్టుకోవచ్చు, ఎవరూ నోరు నొక్కుకోరు. కానీ మొదటివాడు పెద్దల ముందు కూర్చుని, ఒగ్గేశానని, వదిలేశానని నోటితో చెప్పాలి. చెప్పేదాకా కొత్తవాడు ఆమెను గడప దాటించడానికి లేదు. నేను చెప్పలేదు. కాదనీ అనలేదు. పెద్దలు సంత రోజు రమ్మని కబురు పెట్టారు. ఒకసారి జ్వరమన్నాను, ఇంకోసారి పనుందన్నాను. గాసి స్వయంగా వచ్చాడు. గోడవైపు తిరిగి పడుకుని నిద్ర నటించాను. వాడు గుమ్మంలో కూర్చుని చుట్ట మొత్తం కాల్చి, నిప్పు నేలకు రాసి వెళ్లిపోయాడు. రేపు మళ్లీ సంత. రేపు మళ్లీ పెద్దలు కూర్చుంటారు. నేనుంటే తగువు ఉంటుంది. నేను లేకపోతే తగువే లేదు, చచ్చినవాడి నోటిమాట ఎవరూ అడగరు. దానికి గాసి చెయ్యాల్సిందేమీ లేదు, నన్ను పట్టుకున్న భయమంతా అదే. తొయ్యక్కర్లేదు, కొయ్యక్కర్లేదు. మంచుకు చేతులు తడిసి ఉన్నాయి, తాడు జారింది. ఎవరు కాదంటారు?

"ఓ బావా!" అని పిలిచాను.

కింద తెల్లగా ఉంది, పాల మీగడలా. కాఫీ మొక్కలు లేవు, దారి లేదు, ఊట లేదు, మనుషులు లేరు. నా చుట్టూ మాత్రం ఎండ. కొండ కొసలు మంచులోంచి బయటికి వచ్చి అక్కడక్కడ గేదెల వీపుల్లా తేలుతున్నాయి. లోయ అవతల ఇనప రాయి మోసుకుపోయే గూడ్సు బండి సొరంగంలో దూరబోతూ కూత వేసింది. కూతకు పక్షి ఒకటి పలికింది. గాసి పలకలేదు. ఇంకోసారి పిలిచాను. తాడు కాస్త బిగిసింది, అంతే. ఉన్నానని చెప్పడమా, వింటున్నానని చెప్పడమా, లేక లెక్క చూసుకుంటున్నాడా? మామూలుగా గాసి తాడు పట్టుకుంటే వాడి నోరు ఊరుకోదు. కింద నుంచి పాటలు, బూతులు, మా ఊరి ఆడవాళ్ల మీద వెటకారాలు. ఒకసారి నేను కొమ్మ మీద ఉండగానే, బావా నీకు తేనెపట్టు దగ్గర్లో ఉంది, నీకంటే అదే అందంగా ఉంది అని అరిచి నన్ను నవ్వించి చంపినంత పని చేశాడు. ఇవాళ పొద్దున్నుంచి వాడి నోట్లోంచి ఒక్క ముక్క రాలేదు. ఎక్కేముందు తాడు కొస అందించాను. నా కళ్లలోకి చూడకుండా అందుకున్నాడు.

మా అత్తవారి ఊళ్లో పొద్దున నన్ను పలకరించింది ఎర్రమ్మ ఒక్కతే. మొన్న ఈ చెట్టు చప్పుడు లేకుండా ఒక కొమ్మ వదిలితే అది ఆమె భుజం మీద పడింది, నీళ్ల బిందె సొట్టపోయింది. చేతికి గుడ్డ కట్టుకుని, దారి పక్క రాయి మీద కూర్చుని ఉంది. "ఏటల్లుడా, అత్తోరూరు రాటానికి సెట్టు సావాలేటి?" అంది. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. నవ్వితే కూడా అలసట వేసింది. ఊట ఒక్కటే, దారి ఒక్కటే, దారి మీదికి వాలిన చెట్టు ఒక్కటే. ఈ ఊరి ఆడవాళ్లంతా రోజూ దీని కింద నుంచే బిందెలు మోసుకుని వెళ్తారు. కబురు నాకు ఎవరూ పెట్టలేదు. నిన్న వేరే ఊరి సంతలో పసుపు అమ్ముకునేవాడు మాటల్లో అన్నాడు, వాళ్ల ఊట మీద సిలవరు చచ్చిందని, కొమ్మలు రాలుతున్నాయని. నేను తెల్లారకముందే తాళ్లు భుజాన వేసుకుని బయల్దేరాను. ఊరి మంచికి వచ్చాడనుకున్నారు. పెళ్లాన్ని అడగడానికి వంక అనుకున్నవాళ్లూ ఉంటారు. నేను అడగడానికి రాలేదు. నా పెళ్లాం చిన్నమ్మి రోజూ పొద్దున ఈ దారినే నీళ్లకు వస్తుంది. అంతకు మించి నేనేమీ ఆలోచించలేదు. ఎక్కువ ఆలోచించే ఓపిక నాకు ఎప్పుడో పోయింది.

ఓపిక పోయిన రోజు నాకు గుర్తుంది. అది పెద్ద చెట్టు కూడా కాదు. ఒక ఇంటి కప్పు మీదికి ఒరిగిన చచ్చిన జీలుగు, తాటికీ ఈతకూ చుట్టమైన చెట్టు. జీలుగు పైనుంచి కిందికి గెలలు వేస్తూ వస్తుంది, మనకు కల్లు ఇస్తూ ఇస్తూ చివరి గెల కిందికి దిగాక నిలబడే చచ్చిపోతుంది. పైన పెంకు ఇనుములా ఉంటుంది, లోపల తడి బూడిద. నాలుగు నిలువుల ఎత్తే కదా, దీనికి బావమరిది ఎందుకు, తాడెందుకు అనుకున్నాను. పెంకు నా కాళ్ల మధ్యనే పుచ్చకాయలా పగిలింది. కళ్లు తెరిచేసరికి డోలీలో ఉన్నాను. ఆకాశం అటూ ఇటూ ఊగుతోంది, గడ చివర గాసి భుజం. వాన. దారంతా బురద. డోలీ మోసేవాళ్లు మారారు, గాసి మారలేదు. లోయలో ఆసుపత్రికి చేరేదాకా గడ ఒక భుజం మీంచి ఇంకో భుజం మీదికి మార్చుకుంటూ, నేను కళ్లు మూస్తే చాలు, "బావోయ్, నిద్దరోకు, నిద్దరోతే ఇక్కడే ఒగ్గీసి ఎల్లిపోతాను" అని బెదిరిస్తూ వచ్చాడు. ఆ భుజం ఇప్పుడు ఈ మంచు కింద ఉంది. అదే భుజం. మనిషి ఇంతలో మారిపోతాడా? నేను మారలేదా?

ఏడాది పడుకున్నాను. నడుము కట్టెలా, కాళ్లు వేరే ఎవరివో అయినట్టు. చిన్నమ్మి చోడి అంబలి తాగించింది, నూనె రాసింది, బయటికి మోసింది, లోపలికి మోసింది. సంతకు పిప్పళ్లు మోసింది, అమ్మి వచ్చి మళ్లీ నన్ను మోసింది. మొదట్లో ఆటలు పట్టించేది. "సెట్టు మీద కోతినాగుండీవోడివి, ఇప్పుడు సట్టిలో కప్పనాగున్నావు" అని నవ్వేది. వానలు వెనక పట్టేసరికి ఆ నవ్వు తగ్గింది. చలికాలం వచ్చేసరికి పని మాత్రం మిగిలింది, మాట్లాడకుండా చేసే పని. రాత్రిళ్లు పక్కన పడుకుంటే ఆమె ఒళ్లు పడగానే నిద్రపోయేది, ఒక రాయి ఇంకో రాయి పక్కన పడ్డట్టు. నేను లేచి నడిచిన రోజున ఏడ్చింది. సంతోషం అనుకున్నాను. ఇప్పుడు అనిపిస్తోంది, దించుకున్నాక భుజం నొప్పి తెలిసినవాళ్లు అలాగే ఏడుస్తారు.

ఇంక చెట్టెక్కనని ఆమె నాచేత ఒట్టు వేయించుకోలేదు. అడగాల్సిన పని లేదనుకుంది. నేను కాఫీ పళ్ల కోతకు వెళ్తున్నానని చెప్పి వెళ్లేవాణ్ని. కొన్నాళ్లు నిజంగానే కోశాను. బుట్ట నడుముకు కట్టుకుని, మొక్కల మధ్య నిలబడి, ఎర్రటి పళ్లు ఏరుతూ. తోటలో తల ఎత్తినప్పుడల్లా పైన చచ్చిన కొమ్మలు కనపడేవి. ఏది ఎటు వాలుతుందో, ఎక్కడ కోస్తే ఎక్కడ పడుతుందో, కళ్లు వాటంతట అవే చూసేవి. ఇష్టం అని చెప్పలేను. గాడిదకు చాకిరేవు ఇష్టమా? తెలిసిన దారి, అంతే. ఒకరోజు ఎక్కాను. దిగాను. ఇంకోరోజు ఎక్కాను. చిన్నమ్మి ఏటి దగ్గర నా చొక్కా ఉతుకుతూ మడతల్లో రంపం పొట్టు చూసింది. ఇంటికి వచ్చింది. అన్నం వండింది, నాకు పెట్టింది, తనూ తింది, గిన్నెలు తోమి బోర్లించింది. తెల్లారాక గుడ్డల మూట చంకన పెట్టుకుని గుమ్మంలో నిలబడింది. "నాను మరి మొయ్యలేను" అంది. కోపంగా అని ఉంటే బతిమాలేవాణ్ని. దారిలో మూట దించుకుని చెట్టు కింద కూర్చునేవాళ్లు ఎలా అంటారో అలా అంది.

మరి నేనెందుకు ఒగ్గేశానని చెప్పలేకపోతున్నాను? ఆమె తిరిగి వస్తుందని ఆశా? లేదు, ఆశకు కూడా నడుములో బలం ఉండాలి. చెప్పకుండా ఉన్నంత కాలం ఏదీ జరగనట్టు ఉంటుంది. సగం కోసిన కొమ్మలాగా. సగం కోసి వదిలేసిన కొమ్మ ఎవరి మీద పడుతుందో తెలిసినవాణ్ని నేను, ఆ పని చేసినవాళ్లను చెట్టు దిగి వచ్చి మరీ తిట్టినవాణ్ని.

అరిచేతులు చల్లబడ్డాయి. వేళ్లు ఒక్కొక్కటే మొద్దు మీంచి తీసి, మడిచి, మళ్లీ పెట్టాను. ఆ కాస్త కదలికకే తాడు కొంచెం వదులైంది, వెంటనే కింద నుంచి ఆ వదులు లాక్కున్నారు. జాగ్రత్తగానే పట్టుకున్నాడు. లేదా సమయం కోసం చూస్తున్నాడు. గాసి తాడు లాగితే బారలు బారలుగా లాగుతాడు, వల లాగే బెస్తవాడిలా. ఇవాళ పిసినారిలా, జానెడు జానెడే లాగుతున్నాడు. భయమా, పాపమా? మనిషి మనసులో చెడ్డ ఆలోచన ఉన్నప్పుడు చేతులు చిన్నవవుతాయేమో. నాకు వాడి మీద కోపం రావడం లేదు. నేను వాడి స్థానంలో ఉంటే? అక్క ఇంటికి వచ్చి మూల కూర్చుంది. ఏడాది చాకిరీతో ఎముకలు తేలిన అక్క. ఒక జీపువాడు బంగారంలా చూసుకుంటానంటున్నాడు. అడ్డం ఒక్కడే, పిలిస్తే రాడు, అడిగితే నిద్ర నటిస్తాడు. వాడు ఇవాళ తనంతట తానే వచ్చి, ప్రాణం తాడు కొస చేతిలో పెట్టి, మంచులోకి ఎక్కిపోయాడు. నేనైతే ఏం చేసేవాణ్ని? తెలియదు. తెలియదు అనే మాట నా చెవికే నచ్చలేదు.

ఒక క్షణం ఇంకో ఆలోచన వచ్చింది. అసలు వాడికి ఆ పాపం ఎందుకు? చంకల కింద ముడి కూడా నేనే విప్పేసుకుంటే సరి. రెండు తాళ్లూ వదిలేస్తే తగువు తీరుతుంది, మోత తీరుతుంది, పొద్దున లేవడం తీరుతుంది. ఆ ఆలోచన భయం పుట్టించలేదు, నిద్రలా వచ్చింది. కళ్లు మూతలు పడ్డాయి కూడా. బుగ్గ చెట్టు బెరడుకు ఆనింది. ఎండకు వెచ్చబడిన బెరడు, చచ్చిపోయి కూడా వెచ్చగా ఉంది. అలాగే ఉండిపోతే బాగుంటుందనిపించింది. నిద్దరోకు బావోయ్, ఇక్కడే ఒగ్గీసి ఎల్లిపోతాను. ఆ గొంతు మంచు లోంచి రాలేదు, ఆ వాన రోజు లోంచి వచ్చింది. కళ్లు తెరిచాను. చేతి వేళ్లు నా ప్రమేయం లేకుండా చంక కింది ముడిని పట్టుకుని ఉన్నాయి. వాటిని తీసి రంపం పిడి మీద పెట్టాను. ఎవరి వేళ్లో అన్నట్టు చూశాను.

గాలి లేచింది. కొండ అవతల నుంచి, ఎండ ఎక్కేటప్పుడు రోజూ లేచే గాలే. ముందు మంచు కదిలింది, మీగడ ముడతలు పడి పక్కకు జరిగింది. తర్వాత నా తల మీది కొస కదిలింది. రంపం కోసిన గాటు నోరు కాస్త తెరిచి, మళ్లీ మూసింది. కింద కడుపులో అదే చప్పుడు, ఈసారి ఎండు వెదురు చీలినట్టు పొడవుగా, పైకి పాకుతూ. నడుం తాడు బిగిసింది. ఊపిరి సగంలో ఆగింది. ఇంక ఆలోచించడానికి ఏమీ లేదు, ఇప్పటిదాకా ఆలోచించిందంతా ఒక పక్క, నడుం చుట్టూ బిగుస్తున్న ఈ తాడు ఒక పక్క.

ప్రాణం తాడును మూడుసార్లు లాగాను. వస్తున్నా అని.

కింద నుంచి జవాబు రెండు లాగుళ్లు. పట్టుకున్నా అని. అవి రావాలి. రాలేదు. మంచు జరిగిన చోట ఒక కాఫీ మొక్క కొస కనపడింది, దాని మీద మంచు బొట్లు కూడా కనపడ్డాయి. మనిషి కనపడలేదు. మళ్లీ మూడుసార్లు లాగాను. మొద్దు నా పొట్ట కింద మెల్లగా లావెక్కుతున్నట్టుంది, లోపల ఎవరో మోచేతులు చాస్తున్నట్టు. అప్పుడు తాడు కదిలింది. ఒకటి. చాలాసేపటికి, రెండు. గట్టిగా కూడా కాదు. రైక లాగి అమ్మను పిలిచే పిల్లల్లా. ఇదేనా జవాబు? ఇంతకంటే మంచి జవాబు కోసం ఆగడానికి నడుములో చోటు లేదు. కత్తి తీసి నడుం తాడు మీద పెట్టాను. తాడు అంత బిగువుగా ఉంది గనుక, కత్తి తగలగానే తెగి కొరడాలా ఎగిరింది. ఖాళీలోకి అడుగు వేశాను.

పడ్డాను. పడుతున్నాను. పొట్ట పైనే ఉండిపోయింది, నేను మాత్రం కిందికి. వదిలేశాడు, అనుకున్నాను. ఆశ్చర్యం కూడా లేదు, సరేలే అన్నట్టు అనుకున్నాను. చంకలు రెండూ ఊడివచ్చినంత కుదుపు. ప్రపంచం ఆగింది. తర్వాత పక్కకు ఊగింది. పనస మొద్దు మొహం మీదికి వచ్చి కొట్టింది, చేతులతో, కాళ్లతో, పళ్లతో కూడా పట్టుకున్నాను. వెనక సిలవరు తల తెగి పడింది. మొద్దు నిలువునా రెండుగా విచ్చుకుంది, ఒక సగం అరుచుకుంటూ పల్లంలోకి పోయింది. నేను ఇందాక బుగ్గ ఆనించిన చోట ఆకాశం ఉంది. ముక్కు లోంచి రక్తం, నోట్లో పనస పాల జిగట. తాడు నన్ను పట్టుకునే ఉంది. జానెడు జానెడుగా, పిసినారిలా, నన్ను కిందికి దించడం మొదలుపెట్టింది.

కాళ్లు నేలను తాకాయి. నిలబడలేదు, కూర్చుండిపోయాయి. తాడు వెంట చూశాను. అది గట్టు మీద పాత మొద్దుకు రెండు చుట్లు చుట్టి, అక్కడి నుంచి ఒక నడుము చుట్టూ తిరిగి, రెండు చేతుల్లోకి వెళ్లింది. చీర మోకాళ్ల పైకి దోపుకుని, మడమలు మట్టిలో తవ్వుకుని, వెనక్కి వాలి నిలబడి ఉంది చిన్నమ్మి. పక్కన ఖాళీ బిందె.

"ఏటి, నువ్వా?" అన్నాను.

"నానే. మరెవుల్ననుకున్నావు?" అంది. ఇంకా తాడు వదల్లేదు. అరిచేతుల తోలు లేచి, తాడు ఎర్రబడింది.

"గాసి ఏడీ?"

గడ్డంతో ఊట వైపు చూపించింది. గాసి అక్కడ రాయి మీద, చెట్టుకు వీపు పెట్టి కూర్చున్నాడు, రెండు చేతులూ చంకల్లో దాచుకుని. పిలిస్తే లేచి వచ్చాడు. నాకు ఎదురుగా కాకుండా కాస్త పక్కగా నిలబడ్డాడు. చాలాసేపు నేలను కాలితో గీకాడు.

"నువ్వు సగం ఎక్కీసరికి నా సేతులు వణికినాయి బావా" అన్నాడు. "బరువుకి కాదు. నాకేటో బుద్ధి పుట్టింది. జారిపోతే బాగున్ను అని ఒకపాలి అనుకున్నాను. ఒకపాలే. మల్లా అనుకుంతానేటో అని బయమేసింది. నా బుద్ధి మీద నాకే నమ్మకం నేక, నీల్లకొచ్చిందని అక్కకిచ్చీసి ఎల్లి కూకున్నాను."

వాడి మొహం చూశాను. చెంపలు తడిగా ఉన్నాయి, మంచో, ఇంకేమో. డోలీ మోసిన భుజం చొక్కా కింద కాయ కట్టి అలాగే ఉంది. "ఆడది తాడు పట్టకూడదు కదరా" అన్నాను.

"సెట్టు సూసిందేటి?" అంది చిన్నమ్మి. "మంచు కదా."

గాసి ముక్కు చీదుకుంటూ నవ్వాడు. నాకూ నవ్వు వచ్చింది, పక్కటెముకలు నొప్పెట్టి ఆపుకున్నాను.

"నేను అరిస్తే పలకలేదేం?"

"పలికితే నానని తెల్దా? తెలిత్తే ఆ పైనే కూకుని కబుర్లెట్టీవోడివి. ఇంటికెల్దాం రాయే అని. బుద్ధి మందగించి పేరు పెట్టి పిలిసీవోడివి కూడాను." ఇప్పుడు తాడు వదిలింది. నడుము చుట్టూ ఉన్న చుట్టు విప్పి, అరిచేతులు చీర కుచ్చిళ్లలో అద్దుకుంది. నొప్పి మొహంలో కనపడనివ్వలేదు. ఏడాది పాటు నాకు అన్నం పెట్టిన మొహమే.

పట్టుకుంది. కట్టుబాటు దాటి, తోలు లేచిపోయేలా పట్టుకుంది. నా లోపల ఎక్కడో, చచ్చిందనుకున్న చోట, ఒక్క చిగురు. సిగ్గు లేదు దానికి. "వదిలేస్తే నీకు సులువయ్యేది కదే" అన్నాను.

"సులువే" అంది. "ఊరంతటికీ సులువే. సచ్చినోడి పెల్లాన్నయి నాను ఎల్లను. ఎల్లిన కాడల్లా నీ సావు మోసుకు తిరగాల. బతికున్నోణ్ని ఒగ్గీసి ఎల్తాను. నువ్వొచ్చి కూకుని, నీ నోటితో నువ్వు సెప్పాల."

గాసి అటు తిరిగి తాడు చుట్ట చుడుతున్నాడు. ఎర్రమ్మ పైన దారి మలుపులో నిలబడి, పడిందా, మనిషి పడ్డాడా, చెట్టు పడిందా అని అరుస్తోంది. నేను లేచి నిలబడ్డాను.

మొద్దులో మిగిలిన సగం ఇంకా దారి మీదికి వాలి ఉంది, పలచగా, దువ్వెనలో విరిగిన పన్నులా. దాన్ని అలా వదిలి వెళ్లడానికి లేదు. ఇంకో వెదురు గడతో తాడు ఉచ్చు పైకి ఎత్తి దాని మెడకు వేశాను. ఎక్కక్కర్లేదు, నేల మీద నుంచి లాగితే చాలు. ముందు నేను, వెనక గాసి, వాడి వెనక చిన్నమ్మి చేతులకు గుడ్డ చుట్టుకుని. ముగ్గురం ఒక తాడు మీద. ఈసారి గాసి బారలు బారలుగా లాగాడు, నోరు కూడా విప్పాడు, చెట్టు అమ్మను, చెట్టు అక్కను, చెట్టు అత్తను వరస పెట్టి తిట్టాడు. అది కదిలింది, ఊగింది, ఇష్టం లేనట్టు ఆగింది, తర్వాత ఒక్కసారిగా దారి దాటి పల్లంలోకి పోయి ముక్కలైంది. దుమ్ము లేచి అణిగింది. ఊట మీద ఇప్పుడు ఖాళీ. ఇన్నాళ్లూ అక్కడ లేని ఎండ నీళ్ల మీద పడుతోంది.

చిన్నమ్మి బిందె కడిగి ముంచింది. తోలు లేచిన చేతులకు చల్లటి నీళ్లు తగలగానే పళ్ల మధ్య నుంచి ఊపిరి పీల్చింది. బిందె ఎత్తడానికి నేను చెయ్యి చాచాను. తనే ఎత్తుకుంది, నడుము మీద సర్దుకుంది, నేను అంత జాగ్రత్తగా ఖాళీ చేసిన దారిలో పైకి నడిచింది. చెట్టు ఉన్న చోటికి రాగానే అలవాటు కొద్దీ తల పైకెత్తి చూసింది. అక్కడ ఏమీ లేదు. తల దించి నడిచింది.

"రేపు వస్తాను" అన్నాను. వినపడింది ఆమెకు.

వెనక్కి తిరగలేదు. "బేగి రా" అంది. "ఎండెక్కితే పెద్దలు కల్లుకి లెగిసిపోతారు."